రజిత కోర్టు సీను చూద్దామని తార్నాక వెళ్లాను

రజిత ఫోన్ చేసి, "అక్కా, శనివారం నా కోర్టు సీను. నువ్వు రావాలె" అన్నది. అందుకే ఈ ప్రయాణం. సికింద్రాబాద్ బౌద్ధనగర్‌లోని ఒక హాస్టల్లో మేమిద్దరం రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. తర్వాత నేను జనగామలో టీచరుగా చేరాను, ఆమె నాటకాలు వదల్లేక అక్కడే ఉండిపోయింది. ఎప్పటిదో ఒక విదేశీ థ్రిల్లర్‌ను చిన్న బడ్జెట్లో మళ్లీ తీస్తుంటే, అందులో ఆమెకు ప్రధాన పాత్ర దొరికింది. తనపై అఘాయిత్యం చేసినవాళ్లే హత్యానేరం కూడా మోపితే, పారిపోయి ఊరూరా దాక్కునే ఆడమనిషి కథ అది. చివర్లో కోర్టులో ఆమె నోరు విప్పుతుంది. ఆ నాలుగు పేజీల మాటల కోసమే రజిత చేస్తున్న ఉద్యోగం మానేసింది.

జనగామలో ఉదయం ఆరున్నరకు రైలెక్కి ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడ మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాతి స్టేషనే తార్నాక. షూటింగ్ జరిగే యూనివర్సిటీ క్యాంపస్ లోపలిదాకా ఆటోకు అరవై రూపాయలయింది. షూటింగ్‌కని చెప్పగానే డ్రైవరు హీరో ఎవరని అడిగాడు.

"హీరో లేడన్నా. ఒక ఆడామె కథ."

"గట్లయితే ఎవరు చూస్తరు మేడమ్?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

ఒక పాత రాతి భవనం వెనుక కెమెరా పెట్టారు. రజిత చిరిగిన జాకెట్టు మీద తువ్వాలు కప్పుకుని మెట్ల మీద కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

"కోర్టు సీను లేదక్కా. బడ్జెట్ అయిపోయిందట. ఇయ్యాల నన్ను ఎనక నుంచి కాల్చి సంపుతరు, సినిమా ఖతం."

"డైరెక్టర్‌తోని మాట్లాడినవా?"

"మాట్లాడిన. ఆమె సస్తెనే జనాలకు ఏడుపొస్తదంటడు. ఆమెను పాడు చేసే సీన్లు మాత్రం నాలుగు రోజులు తీసిండ్రు."

"లే, పోదాం."

"పోతే ఏమైతది? ఎనక నుంచే గదా తీసేది, నా బదులు ఇంకెవరినన్న ఉరికిస్తరు. తీసినయన్నీ ఆళ్ల దగ్గరనే ఉన్నయి."

పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆమె పరుగెత్తి పడింది, మళ్లీ లేచి పరుగెత్తింది. ఆరోసారికి డైరెక్టర్ ఓకే అన్నాడు. చుట్టూ చేరిన విద్యార్థులు ఫోన్లలో తీసుకున్నారు.

రెండింటికి తార్నాకలో ఒక మెస్‌కు వెళ్లాం. భోజనం నూట ఇరవై, పప్పు బాగుంటుంది. నడిపే ఆవిడది కాకినాడ వైపు. "మోకాలు అలా గీరుకుపోయిందేంటమ్మా, పసుపు పెట్టనా?" అంది. రజిత వద్దని తలూపింది.

"ఆ సీను నాకు చెప్పు" అన్నాను.

ఆమె కంచం పక్కకు జరిపి, గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. "నేనేం చేసిన్నో అందరడిగిండ్రు సార్. నాకేం చేసిండ్రో ఒక్కరడగలే." మెస్ ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక పేజీ అయిందేమో, పక్క టేబులాయన సాంబారు అడిగాడు. ఆవిడ వెళ్లింది. రజిత ఆగిపోయింది.

"మిగతాది యాదికొస్తలేదక్కా."

మూడు నెలలు వల్లించినదాన్ని ఆమె మరిచిపోయిందంటే నేను నమ్మలేదు. అయినా ఇంకోసారి అడగలేదు.

తిరుగు రైల్లో కూర్చుని, ఆ సినిమా వస్తే ఏం చేయాలా అనుకున్నాను. చూడకపోతే ఆమె పడిన కష్టాన్ని చూడనట్టు, చూస్తే ఆ నాలుగు రోజులు తీసిన సీన్లనూ చూసే గుంపులో నేనూ ఒకదాన్నయినట్టు. జనగామ వచ్చేదాకా ఏదీ తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. మీవాళ్లెవరైనా సినిమాలో చేస్తున్నారని చూడ్డానికి బయల్దేరితే, నాలా మంచి సీను కోసం చివరి రోజుదాకా ఆగకండి. షూటింగ్ మొదటి రోజే వెళ్లండి.