కోర్బినియన్ బిగబట్టిన ఊపిరి

మ్యూనిక్‌లో మా ఆసుపత్రి ఎక్స్‌రే గదికి వల్బుర్గ మహారాణి. పద్దెనిమిదేళ్లుగా స్కేలు పట్టుకుని జనం గుండెలు కొలుస్తోంది. నేను చీకటి గదిలో ఫిల్ములు కడిగేవాణ్ని, ఆవిడ నోటికి జడిసి బతికేవాణ్ని.

ఊపిరి ఆపిన రోగి ఎదుట చీలికలున్న సీసపు పలక రెండు సెకన్లు కిందికి జారుతుంది. కొట్టుకునే గుండె అంచు ఫిల్ము మీద రంపం పళ్లలా పడుతుంది. పళ్లు పొడుగ్గా ఉంటే గుండె గట్టిదని, పొట్టిగా ఉంటే నీరసించిందని లెక్క. అయితే ఊపిరి ఊరికే ఆపాలి. కడుపు బిగించి ముక్కితే ఎంత మంచి గుండైనా ముడుచుకుపోయి పళ్లు పొట్టిగా పడతాయి. వందల ఫిల్ములు కడిగినవాణ్ని, నాకు తెలియదా? ఆవిడ మాత్రం "బిగించు, ఇంకా బిగించు" అని అరిచేది. నేను చేరిన రోజు నుంచీ అదే పద్ధతి.

పందొమ్మిది వందల ముప్పై ఆరు వసంతంలో కోర్బినియన్ వచ్చాడు. రైలింజన్లో బొగ్గు వేసే మనిషి. డ్రైవరు కావాలని పదకొండేళ్లుగా కాచుక్కూర్చున్నాడు. ఈ ఒక్క పరీక్షే మిగిలింది. తప్పితే ఇంజనే ఎక్కనివ్వరు.

"నెల రోజులుగా ఊపిరి ఆపడం సాధన చేస్తున్నానమ్మగారూ," అన్నాడు.

"కబుర్లు తర్వాత. బిగించు."

పాపం, మెడ నరాలు పొంగేలా బిగించాడు. కడిగిన ఫిల్ము చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లు రెండు మిల్లీమీటర్లైనా లేవు.

"ముక్కాడండీ. ఇంకోటి తీద్దాం," అన్నాను.

"ముక్కాడని నాకు మాత్రం తెలీదా?" అంది స్కేలు ఆనిస్తూ. "ఇంకోటి తీస్తే అది బాగా వస్తుంది. అప్పుడు ఇన్నేళ్లూ తప్పెందుకు చెప్పావని పెద్ద డాక్టరు నన్ను అడగడూ? నోరు మూసుకుని నీ తొట్లు కడుక్కో."

'గుండె బలహీనం, ఇంజను పనికి తగడు' అని రాసింది. పెద్ద డాక్టరు కాగితం చదవకుండానే సంతకం గీకాడు. నేను ఆవిడ చెప్పినట్టే తొట్లు కడిగాను. ఛీ, నాదీ ఒక బతుకే.

బయట బల్ల మీద కోర్బినియన్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఎలా ఆపానమ్మగారూ?"

"నీ అంత గట్టిగా ఎవరూ ఆపలేదయ్యా," అంది వల్బుర్గ. "ఉత్తరం ఇంటికొస్తుంది, వెళ్లు."

అతని మొహం వెలిగిపోయింది. నా చెయ్యి కూడా పట్టుకుని ఊపేశాడు. "మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది, చెప్పాలి," అంటూ రెండేసి మెట్లు దిగిపోయాడు.

"తర్వాతివాణ్ని పిలు," అంది వల్బుర్గ. పిలిచాను.