పన్ను పీకని కొండల్ డాక్టరు

మా బహదూర్‌పురా గల్లీలో కొండల్ అని ఒక పళ్ళ డాక్టరున్నాడు. పన్ను పీకడం తప్ప ఆయనకు అన్నీ వచ్చు. పీకమంటే చాలు, కన్నబిడ్డను అమ్మమన్నట్టు చూస్తాడు.

ఒకసారి మటన్ కొట్టు అంజన్న బుగ్గను బూరెలా ఉబ్బించుకుని వచ్చాడు.

"పీకెయ్ డాక్టర్ సాబ్!"

"దానికి ఇంకో మోకా ఇయ్యి, అన్నా."

"అది నాకిచ్చిందా మోకా? రాత్రంతా నిద్ర లేదు!"

కడిగి, మందు పెట్టి, పన్నుతోనే ఇంటికి పంపాడు. నా దవడ పన్ను పీకమని నేనెంత లొల్లి చేసినా అదే మాట, పంటికి ఇంకో అవకాశం, మోకా! నవ్వొస్తే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పళ్ళ డాక్టరుకు ఆ సిగ్గేమిటో!

మా మనవరాలు సోనీ సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. కొన్నాళ్ళకు అది నల్లబడింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడమే మానేసింది. వేరే డాక్టరు "లోపల చచ్చిపోయింది, తీసేద్దాం" అన్నాడు. కొండల్ మాత్రం పంటికంటే ముందు నోటికి అడ్డమున్న ఆ చేతిని చూశాడు.

"పీకొద్దు, అవ్వా. వేరు ఇంకా పెరిగే వయసు. లోపల ప్రాణం మళ్ళా మొలిపిద్దాం."

"పంట్లనా? గిదేమన్న మెంతికూర మడా, బిడ్డా?"

లోపలంతా కడిగి మందు పెట్టి, కొన్ని వారాలాగి రమ్మన్నాడు. వెళితే పిల్ల చేతి నుంచి రక్తం తీశాడు! నేను ఊరుకుంటానా!

"పన్ను నోట్ల ఉంటే సూది చేతికి పొడుస్తవేంది?"

"ఫికర్ చెయ్యకు."

ఆ రక్తాన్ని ఒక మిషన్లో గిరగిరా తిప్పి, జున్నుముక్కలాంటి పసుపుపచ్చ ముద్ద తీశాడు. దాన్ని తీసుకెళ్ళి పంటిలో కూరుతున్నాడు! నేను రెండో తరగతి దాటలేదు కానీ, నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. లేచి అడ్డం నిలబడ్డాను.

"అవ్వా, ధూల్‌పేట్‌ల మట్టి గణపతి బొమ్మలకు లోపల గడ్డి కడ్తవు గదా?"

"కడ్త. గడ్డి లేకుంటే మట్టి యాడ నిలుస్తది?"

"గిది గట్లనే. పిల్ల రక్తంతోనే కట్టిన గడ్డిబొమ్మ. వేరు కాడి కణాలు పాకొచ్చి దీని మీద కూసుంటయి. బొమ్మ కరిగిపోతది, ప్రాణం మిగుల్తది."

"రాకుంటే?"

"రాకుంటే రాలే. మోకా అయితే ఇద్దాం."

పెళ్ళైనప్పటి నుంచి గడ్డి కడుతున్నాను, ఏ బొమ్మకూ ప్రాణం రాలేదు. ఇదొస్తుందా? అయినా పక్కకు జరిగాను.

నెలలు గడిచాయి. ఒకనాడు ఐసుముక్క తెచ్చి ఆ పంటికి ఆనించాడు.

"అవ్వో! జివ్వుమన్నది!" సోనీ కుర్చీలో ఎగిరిపడింది.

నేను చెప్పు తియ్యబోయాను. పిల్ల కేక పెడితే ఆయన గంతులేస్తున్నాడు!

"సచ్చిన పంటికి సలి తెలుస్తదా, అవ్వా? బతికింది!"

చెప్పు సంగతి వదిలేశాను. "సరే గానీ, పీకుడంటే నీకెందుకంత పగ?" అని అడిగాను.

ఆయన నోట్లో వేళ్ళు పెట్టి, తన ముందు పన్ను టక్కున ఊడదీసి నా ముందు పట్టాడు! ఎవరి పన్నూ పీకని మనిషి!

"సోనీ అంత ఉన్నప్పుడు నాది పీకిన్రు. గిది పెట్టుడు పన్ను. బడిల అందరు నన్ను కిటికీ అని పిలిచిన్రు."

సోనీ పకపకా నవ్వింది. చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"ఇప్పుడు గూడ కిటికీనే, డాక్టర్ మామా!"

ఆయనా నోటికి అడ్డం పెట్టబోయిన చెయ్యి తీసేసి, కిటికీ బార్లా తెరిచి నవ్వాడు.

నా దవడ పన్నా? సలుపుతూనే ఉంది. మోకా ఇచ్చాను.