మూడో తరగతికి తొమ్మిదో ఓటు

మా ఊరి బడిలో ఓటు వేయడానికి ఆ శనివారం నేను తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బిజినేపల్లిలోని నా జిరాక్స్ సెంటర్‌కు సెలవిచ్చి మరీ వెళ్లాను. నాకు ఓటు లేదన్న సంగతి అక్కడికి వెళ్లాక తెలిసింది.

గోడకు అంటించిన జాబితాలో మూడో తరగతి కింద మా అన్న పేరు, వదిన పేరు ఉన్నాయి. నా పేరు లేదు. ఆ జాబితా వారం రోజులుగా అదే గోడ మీద ఉంది. దాన్ని జిరాక్స్ తీసింది కూడా నేనే. ఊరందరి కాగితాలూ నా చేతుల మీదుగానే పోతాయి, చదివే అలవాటు మాత్రం లేదు.

“మా అన్న బిడ్డను చూస్కునేది నేనే గద మేడం,” అన్నాను పెద్ద టీచరుతో.

“తల్లి ఊర్లె ఉండంగ నీకు ఓటెట్లొస్తదయ్యా? ఇంటికొక్క ఓటు. తల్లన్న ఎయ్యాలె, తండ్రన్న ఎయ్యాలె. ఇద్దరు లేకుంటెనే సాకేటోళ్లు. పోయి మీ వదినెను తోల్కరా.”

పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, తల్లిదండ్రుల కమిటీకి ఓటు అడుగుతున్నాను. ఆమె నవ్వకుండా జవాబు చెప్పడమే ఎక్కువ.

ఇది బడి యాజమాన్య కమిటీ ఎన్నిక. ఊర్లో బడి కమిటీ అంటారు. సర్పంచు ఎన్నికలాగా మైకులుండవు, మందు ఉండదు. ఒక తాత పొద్దున్నే వచ్చి ఏమిస్తున్నారని అడిగి, ఛాయ్ అని తెలిసి, అదన్నా తాగి పోయాడు. తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి, అందులో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. చేతులెత్తితే చాలు. అలా అన్ని తరగతుల నుంచి వచ్చినవాళ్లు కూర్చుని తమలో ఒకరిని చైర్మన్ చేసుకుంటారు. ఒకే ఒక్క మెలిక ఏమిటంటే, తరగతిలో కనీసం సగం ఇళ్ల నుంచి మనుషులు రావాలి. రాకపోతే ఎన్నిక మరో రోజుకు వాయిదా.

మూడో తరగతిలో పద్దెనిమిది ఇళ్లు. అంటే తొమ్మిది మంది కావాలి. పన్నెండు గంటలకు మిగతా తరగతులన్నీ అయిపోయాయి. మూడో తరగతికి ఐదుగురొచ్చారు. గడువు ఒంటిగంట.

వాయిదా పడితే కొంపలేం మునుగుతాయి అని మామూలుగా అయితే నేనే అనేవాణ్ని. ఈసారి మునిగేది మాదే. మా అన్న పదిహేను రోజుల ముందే బిల్డింగు పనికి పుణె వెళ్లిపోయాడు. వదిన చంటివాణ్ని తీసుకుని సోమవారం బస్సెక్కాలి. మా అమ్మ పోయి మూడేళ్లయింది. నేను రాత్రి తొమ్మిదికి గానీ షాపు మూయను. మరి ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడుండాలి? వలసపోయే ఇళ్ల పిల్లలను ఆ కొన్ని నెలలు బడిలోనే ఉంచి, అన్నం పెట్టి చదివించే సీజనల్ హాస్టల్ మా బడికి వచ్చేలా ఉంది. దానికి కొత్త కమిటీ తీర్మానం కావాలి, ఆ తీర్మానం సోమవారం మండలానికి చేరాలి. కమిటీ లేకపోతే తీర్మానం లేదు. తీర్మానం లేకపోతే పిల్ల కూడా సోమవారం బస్సెక్కుతుంది. నిరుడు అలాగే ఎక్కింది. రెండో తరగతి సగం పుణెలో ఇసుక కుప్ప మీద గడిచింది.

వరండాలో తెల్లచొక్కా వేసుకుని ఒక పెద్ద రైతు పచార్లు చేస్తున్నాడు. ఆయన కొడుకూ మూడో తరగతే. ఊరంతా పటేలా అని పిలుస్తారు. మెంబరు కావాలని ఆయనకు గట్టి ఆశ. చేతి గడియారం చూసుకుంటూ ఊరి మీద విరుచుకుపడుతున్నాడు.

“ఈ ఊరోళ్లకు సోయి లేదు మేడం. పిల్లల బడి అంటె ఒక్కరన్న వస్తున్రా? ఏం జనం!”

“పటేలా,” అన్నాను, “ఇయ్యాల నీ చేన్ల పత్తి ఎవరేరుతున్రు?”

ఆయన పచార్లు ఆగాయి. శనివారం ఎన్నిక అని దండోరా వేయించిందీ ఆయనే, శనివారం పత్తికి ఆడవాళ్లను పిలిచిందీ ఆయనే. రెండూ వేర్వేరు శనివారాలు అనుకున్నట్టున్నాడు.

“అబ్బ! నాకు యాదికే లేకపాయె,” అని తల గోక్కున్నాడు. “అందరా?”

“మూడో తరగతోళ్లు నలుగురున్నరు. మా వదినె గూడ.”

ఐదూ నాలుగూ తొమ్మిది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఒక్కరు తగ్గినా అంతే సంగతులు. పటేలు ఫోను తీసి ట్రాలీ ఆటో డ్రైవరును చేనుకు పొమ్మని చెప్పాడు. నేను ముందే బండి మీద పోయాను.

చేనులో ఆడవాళ్లు నడుముకు పత్తి ఒడులు కట్టుకుని వరసగా ఏరుకుంటూ పోతున్నారు. ఆ కూలి గుంపుకు పెద్ద ఒక ముసలామె. కొడుకూ కోడలూ బొంబాయిలో ఉంటే మనవణ్ని తనే సాకుతోంది. ఊరందరికీ పెద్దమ్మే. నేను గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. నాటకీయంగా చెప్పానని నాకే తెలుసు. ఒంటిగంట అన్నప్పుడు వేలు కూడా పైకెత్తాను.

“పటేల్ పొమ్మన్నడా?” అంది పెద్దమ్మ.

“ఆటో పంపిస్తుండు.”

“కూలి కోస్తడా?”

“అడగలేదు పెద్దమ్మా.”

“గంత పెద్ద చదువు చదివి గిదొక్కటి అడగకొచ్చినవా?” అని, ఒడి విప్పకుండానే గట్టెక్కింది. ఆమె వెనక మరో ఇద్దరు. మా వదిన మాత్రం వంగినదల్లా వంగినట్టే ఉంది.

“వదినె, నువ్వు గూడ.”

“నేను రాను మర్దీ. పోయేటోళ్లకు ఓటెందుకు? ఉండేటోళ్లు ఎయ్యనియ్యి.”

“నువ్వు రాకుంటె ఎనిమిదే. లెక్క అయిపోతది.”

ఆమె ఇంకో కాయ అందుకుంది. చెట్టుతో చెప్పినట్టు, నెమ్మదిగా అంది: “నిరుడు బస్టాండ్ల మేడం నా చెయ్యి పట్టుకొని అడిగింది, పిల్లను ఈడ్నే ఇడిసిపెట్టు అని. నెలకే తోల్కొస్త అన్న. ఎండకాలం దాంక తోల్కరాలే. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని పోవాలె?”

ఇలాంటి చోట నాకు జోకు తడుతుంది. తట్టింది కూడా. మొదటిసారి దాన్ని మింగేశాను.

నా పని పెద్దమ్మ చేసింది. గట్టు మీద నుంచే అరిచింది: “నా కొడుకు బొంబాయి పోయి నాలుగేండ్లాయె, ఏ మొకం పెట్టుకొని పోతున్న నేను? గీ మొకమే! హాస్టలుకు పిల్ల పేరు రాసిచ్చినప్పుడు లేని సిగ్గు ఇప్పుడేందే? నీ ఒక్కదానికోసం మా ముగ్గురి కూలి గంగల కలుపుతవా? ఎక్కు ఆటో!”

మా వదిన ఎక్కింది. పత్తి నిండిన ఒడులతో సహా నలుగురూ ఆటోలో కూర్చుంటే పరుపులు కొనుక్కుని వస్తున్నట్టుంది. వెనక బండి మీద వస్తూ నేను టైము చూసుకున్నాను. పన్నెండూ నలభై.

బడి గేటు దగ్గర వదిన అందరి వెనక్కి చేరింది. మేడం టేబులు వేసుకుని రిజిస్టరు ముందు కూర్చుంది. ముగ్గురి పేర్లకూ టిక్కులు పెట్టింది. వదిన వంతు వచ్చింది. తల దించుకుని నిలబడింది. నిరుటి మాట ఏదో వస్తుందని నేనూ అనుకున్నాను. మేడం తలెత్తి చూసింది, పెన్నుతో పేరు వెతికింది, టిక్కు పెట్టింది.

“తొమ్మిది. కూసోమ్మా, నీళ్లు తాగు.”

అంతే. నిరుటి సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఏనాడూ ఎత్తలేదు. మనుషులకు నేను చెప్పుకోవాల్సిన కృతజ్ఞతల్లో సగం వాళ్లు అనని మాటలకేనేమో.

ఎన్నిక మొదలైంది. మూడు స్థానాలకు నలుగురు నిలబడ్డారు: పటేలు, ఇద్దరు తల్లులు, ఆ ఇద్దరూ లేపి నిలబెట్టిన పెద్దమ్మ. ఒక్కొక్కరూ మూడుసార్లు మాత్రమే చెయ్యి ఎత్తాలని మేడం రెండుసార్లు చెప్పింది. మొదట పటేలు పేరు చదివింది. తొమ్మిది చేతులు లేచాయి. తర్వాతి తల్లికి తొమ్మిది. ఆ తర్వాత తొమ్మిది. పెద్దమ్మకూ తొమ్మిది.

“మూడే సీట్లమ్మా! నలుగురికీ ఎత్తితె ఎట్ల?”

మళ్లీ పెట్టింది. మళ్లీ తొమ్మిదీ తొమ్మిదీ తొమ్మిదీ తొమ్మిది. పటేలు కూడా నలుగురికీ ఎత్తాడు.

ఒక తల్లి లేచి గొంతు తగ్గించి అంది: “మేడం, మనిషి ఎదురుంగ కూసున్నంక చెయ్యి ఎత్తకుంటె ఏమనుకుంటరు? పొద్దుగాల మళ్ల ఒక్కతాన్నే పని చెయ్యాలె గద.”

చీటీలు రాయిద్దామంటే అందరికీ రాయడం రాదు. గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మేడం ఒక నిమిషం తల పట్టుకుంది. తర్వాత లేచి, మూడో తరగతి పిల్లలకు చెప్పే గొంతుతో చెప్పింది: “అందరు కండ్లు మూసుకోండ్రి. ఎవరు తెర్వొద్దు. ఓటు లేనోళ్లు గూడ.” చివరి మాట నన్ను చూసి అంది.

అలా తొమ్మిది మంది పెద్దవాళ్లు బడి వరండాలో గట్టిగా కళ్లు మూసుకుని కూర్చున్నారు. ప్రజాస్వామ్యం గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను గానీ, ఇంత నమ్మకంగా జరిగిన ఎన్నిక మాత్రం నేను చూడలేదు. నేను ఒక కన్నే మూసుకున్నాను. రెండో కన్ను నా మాట వినదు.

పటేలు పేరు చదివినప్పుడు మా వదిన చెయ్యి ఎత్తింది. ఆటో పంపినందుకు అయ్యుంటుంది. ఇంకొన్ని చేతులు లేచాయి. లేవని చేతుల్లో ఒకటి పటేలుదే. పొద్దున్నుంచీ మెంబరు కావాలని పచార్లు చేసిన మనిషి, ఎవరూ చూడని చోట కూడా తనకు తాను చెయ్యి ఎత్తుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఉన్న మూడూ ముగ్గురాడవాళ్లకూ వేశాడు. పెద్దమ్మ పేరు చదివినప్పుడు ఆయన చెయ్యే అందరికంటే ముందు లేచింది.

కళ్లు తెరవమన్నాక మేడం గెలిచినవాళ్ల పేర్లే చదివింది, లెక్కలు చెప్పలేదు. ముగ్గురూ ఆడవాళ్లే. పటేలుకూ పెద్దమ్మకూ తేడా ఒక్క చెయ్యేనని నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. ఎవరి చెయ్యో నేను ఆమెకు చెప్పలేదు. కళ్లు మూసుకున్నానని ఆమె అనుకుంటోంది కదా.

“నా పత్తి ఏరుకుంట నన్నే ఓడగొట్టిన్రు,” అన్నాడు పటేలు, మూతి ముడిచి.

“చేను నీదే పటేలా,” అంది పెద్దమ్మ, “ఓటు మాదాయె. కూలి కోస్తవా?”

“కోస్తనా! నేనేమన్న గసుంటోణ్నా?” అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. సాయంత్రం కోయలేదు కూడా. ఎవరో ఒకర్ని తిట్టుకుంటూ కథ చెబితే వినడానికి బాగుంటుంది. నాకు ఆ సౌకర్యం కలగనివ్వలేదు వీళ్లు.

భోజనాలయ్యాక కమిటీ కూర్చుంది. చైర్మన్‌గా ఐదో తరగతి నుంచి ఒక తల్లిని పెట్టుకున్నారు. మొదటి తీర్మానం హాస్టల్. అందరూ సంతకాలు చేశారు. పెద్దమ్మ వేలిముద్ర వేసి, అది సరిగ్గా పడిందో లేదో వెలుగులో పెట్టి చూసుకుని, మళ్లీ వేసింది. ఆ కాగితం నాలుగు ప్రతులు నేనే తీశాను. ఈసారి ప్రతి అక్షరమూ చదివాను. సోమవారం పొద్దున్నే మేడం దాన్ని మండల విద్యాధికారి ఇంట్లోనే ఇచ్చేసి, బడి గంటకు ముందే తిరిగొచ్చింది. పైవాళ్లు మంజూరు చేసేదాకా రాత్రిళ్లు వంటామెతో పాటు పెద్దమ్మ బడిలో పడుకుంటానంది. ఎవరూ ఆమెను అడగలేదు.

వదిన ఆ పొద్దున బస్టాండుకు వెళ్తూ పిల్లను దింపడానికి బడికి వచ్చింది. చంకలో చంటివాడు, నా చేతిలో పిల్ల పెట్టె. వదిన దారంతా ఏడుపుకు సిద్ధమవుతూ వచ్చింది. కొంగు కొస ముందే చేతిలోకి తీసుకుంది. లోపల అప్పటికే ఆరుగురు పిల్లలు చాపలు పరుచుకున్నారు. మా పిల్ల గడప దాటుతూనే కిటికీ పక్క చోటు కోసం పెద్దమ్మ మనవడితో పోట్లాటకు దిగింది.

“అమ్మ పోతున్నది,” అన్నాను.

“పోనీ చిన్నాయినా, ఈడు నా జాగల పండుకుంటుండు చూడు!” అంది, వెనక్కి తిరక్కుండానే.

వదిన గేటు దగ్గర చాలాసేపు నిలబడింది. కొంగు వదిలేసింది.

“ఏడ్వనన్న ఏడ్వకపాయె గద మర్దీ.”

“కమిటీకి ఫిర్యాదు పెడ్దమా వదినె? మనోళ్లే ఉన్నరు.”

ఆమె నవ్వింది. నవ్వుతూనే, చంటివాణ్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, లోపల రిజిస్టరు రాసుకుంటున్న మేడం దగ్గరికి వెళ్లింది. “మేడం, పోయొస్త,” అంది. మేడం లేచి నిలబడి, “పోయిరామ్మా, ఆదివారం ఫోన్ చెయ్యి, మాట్లాడిపిస్త,” అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసుకున్నారు.

బస్సు వెళ్లిపోయింది. నేను మళ్లీ బడి గోడ దగ్గరికి ఎందుకు వచ్చానో తెలియదు. లోపల ఎక్కాలు చదువుతున్నారు. అందరికంటే తప్పుగా, అందరికంటే గట్టిగా చదివే గొంతు మాదే.

ఆ రోజు జిరాక్స్ సెంటర్ పదకొండింటికి తెరిచాను. ఎందుకని అడిగినవాళ్లకు కరెంటు లేదని చెప్పాను.