ఆకు గుర్తు ఉన్న ఓట్స్ డబ్బా

బాబుకి ఎనిమిదో నెలలో బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. న్యూ టౌన్‌లో మా ఎదురు ఫ్లాట్ బెంగాలీ దీదీ, మందులు చల్లిన గింజలు పెడితే అంతే, విదేశీ ఆర్గానిక్ ఓట్స్ పెట్టు, అంది. వెంటనే తెప్పించాను. డబ్బా మీద పచ్చటి ఆకు గుర్తు, దాని కింద సర్టిఫికెట్ నంబరు. ఆ ఆకు చూడగానే నా మనసు కుదుటపడింది. అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు నేను. కూరగాయలవాడితో రోజూ పోట్లాడతాను.

ఆ ఆదివారం ఖిదిర్‌పూర్ నుంచి నాన్న వచ్చాడు. ముప్పై ఏళ్లు అక్కడి ఓడరేవులో కూలిపని చేసి మానేసిన మనిషి. నేను బాబుకి జావ కలుపుతుంటే డబ్బా తిప్పి తిప్పి చూశాడు.

“ఏటమ్మా ఇది? ఓడలో వచ్చిందేనా?”

“అవును నాన్నా. మందుల్లేకుండా పండించినారు.”

“పండించినోడు కొట్టకపోతే మేం కొట్టీవోళ్లం. పురుగు పట్టీస్తాదని బస్తాలకి పొగ మందు ఎట్టి, ఓడలో సరుకు గది మూసీసీవోళ్లం.”

జావ కలపడం ఆపేశాను. డబ్బా మీదున్న కంపెనీ ఫోన్ నంబరుకి చేశాను. పొలం నుంచి ప్యాకింగ్ దాకా తనిఖీ ఉంటుందని ఒక అమ్మాయి తీయగా చెప్పింది. మరి రేవులోనో, అంటే, కంప్లయింట్ రాసుకుంటానంది. నాది కంప్లయింట్ కాదు తల్లీ, ప్రశ్న! విసురుగా ఫోన్ పెట్టేసి నాన్న మీద పడ్డాను.

“ఇలా ఆకు గుర్తున్నవాటికీ కొట్టీవోరా?”

“బస్తా మీద ఏటి రాసుందో మాకేటి తెలుసు? కొట్టినామేమో, ఒగ్గీసినామేమో. ఇప్పుడు బస్తాలెక్కడివి, అన్నీ ఇనప పెట్టెల్లోనే వస్తన్నాయి.”

ఎవరిని నమ్మాలో తోచలేదు. ఆ సర్టిఫికెట్ అబద్ధమని అనలేను, నాన్న మాట అబద్ధమనీ అనలేను. ఈలోగా బాబు ఆకలికి ఏడుపు అందుకున్నాడు.

నాన్న నా చేతిలో గిన్నె లాక్కుని రెండు చెంచాలు తినేశాడు.

“అరగంట సూడు. నాకేటీ అవకపోతే ఆడికి పెట్టు.”

“ఇదేం పరీక్ష నాన్నా!”

“ఓడ గదిలో మందు పోయిందో నేదో సూడాలంటే ముందొకడు దిగాలి గదా. నన్నే దింపీవోరు.”

ఇన్నేళ్లలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. భయమేసింది. రెండు చెంచాలతో ఏమీ తేలదని తెలిసి కూడా, బాబుని ఒళ్లో వేసుకుని పాలిస్తూ కూర్చున్నాను. ఆ అరగంటా నా చూపు వాడి దద్దుర్ల మీద లేదు, నాన్న మొహం మీదే ఉంది.