చెయ్యి పట్టుకుని నేర్పిన పాకం

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు, పారిపోతున్న మా బస్సు జోర్డాన్ సరిహద్దులో ఆగిపోయింది. అక్కడ పంచిన రొట్టెలు అట్టల్లా ఎండిపోయి ఉన్నాయి. నా పక్క సీటులోని గోదావరి ఆవిడ మూటలోంచి దాల్చినచెక్క, లవంగాలు తీసింది. పాలపొడి డబ్బాలో చక్కెర పాకం కాచి రొట్టెముక్కల మీద పోసింది.

"కువైట్‌లో మెక్సికో వాళ్ళింట్లో పని చేశానండి. ఈస్టరు ముందు ఉపవాసాల్లో ఇది చేసుకుంటారు. లవంగాలు ఏసయ్యకి కొట్టిన మేకులంట, చెక్కేమో సిలువంట. మా అమ్మగారు, అదే ఆ ఇంటావిడ, నా చెయ్యి పట్టుకుని నేర్పించి, పక్కన కూచోబెట్టుకుని పెట్టేదండి."

నాకు ఒళ్ళు మండింది. కువైట్‌లోని మిష్రిఫ్‌లో నేను ఇంటిపని చేసిన యజమానురాలు, పనివాళ్ళం మామా అని పిలిచేవాళ్ళం, ఏళ్ళ తరబడి నన్ను "యల్లా, యల్లా" అని, అంటే కానీ కానీ అని, తరిమిందే గాని పక్కన కూచోనివ్వలేదు. తను పారిపోయేటప్పుడు నాకు చెప్పను కూడా చెప్పలేదు.

"మీ మామా ఏం నేర్పిందండి?" అంటూ ఆవిడ నా చేతిలో ముక్క పెట్టింది.

"యల్లా అనేది నేర్పిచ్చింది లేక్కా. నన్ను తిననీ."

తియ్యగా ఉంది. అందుకే ఇంకా మండింది.

ఇప్పటికీ రాయచోటిలో మా ఇంట్లో రొట్టె మిగిలితే అదే చేస్తాను. ఎవరు నేర్పారని కోడలు అడిగితే, "కువైట్‌లో మా మామా. నా చెయ్యి పట్టుకోని నేర్పిచ్చింది" అంటాను.