మా వాకిట్లో తంగేడు

మొన్న కరీంనగర్‌లో మా బిడ్డతో మొక్కలు కొనడానికి వెళ్తే, దుకాణం ఆవిడ నల్ల కవరులోని తంగేడు మొక్కను చూపించి, "గిది నీళ్ళు లేకున్నా బతుకుతదమ్మా" అని నాకు నేర్పుతుంటే నవ్వాపుకోలేకపోయాను. ఆ మొక్క మూలంగా మా అత్త ఎన్ని నెలలు ముఖం మాడ్చుకుని తిరిగిందో ఆమెకేం తెలుసు.

మా ఆయన బొగ్గు బాయి పనిలో కుదిరి, మందమర్రిలో క్వార్టర్ వచ్చిన కొత్తలో, చుట్టుపక్కల వాళ్ళంతా గులాబీలు, క్రోటన్లు పెట్టుకుంటే, ఆయన మాత్రం గుట్ట మీది తంగేడు కాయలు జేబులో వేసుకొచ్చి, గింజలు నానబెట్టి, వాకిలి పొడుగునా నాటారు. "మేకలు సుత ముట్టని చెట్టును తెచ్చి ముందట వెట్టిండు నా కొడుకు" అని అత్త తల పట్టుకుంది. పక్కింటి వదినైతే మా ఇంటి గుర్తు చెప్పాల్సి వస్తే "గా అడివి ఉన్న ఇల్లు" అనేది. ఆ మాట భరించలేక, ఆయన డ్యూటీకి వెళ్ళిన ఓ పూట అత్త ఒక మొక్కను రెండు చేతులా పట్టి లాగింది గాని, వేరు ఎంత లోతుకు దిగిందో ఏమో, అది రాలేదు, అత్తే వెనక్కి కూలబడింది.

ఆ తర్వాతి ఎండాకాలం కుళాయిలు బందయ్యాయి. తాగే నీళ్ళకే ట్యాంకరు దగ్గర కొట్లాటలైతే గులాబీలకు పోసేదెవరు? కాలనీలో పచ్చగా మిగిలింది మా వాకిలొక్కటే. పైగా గుట్ట వైపు తవ్వకాలు మొదలై దారి మూసేశారు. తంగేడు లేని బతుకమ్మ ఉంటుందా, మన ఈడు వాళ్ళకు చెప్పాలా? ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే ఆడవాళ్ళంతా పళ్ళాలతో మా ముందు నిలబడ్డారు. అత్త పీట వేసుకుని కూర్చుని, "గిది అడివా, తంగేడా? జర చెప్పి తెంపుకో" అని ఒక్కొక్కరినీ అడిగి, "తంగేడే అత్తమ్మా" అనిపించుకున్నాకే లోపలికి వదిలింది. పక్కింటి వదిన చేత ఇంకోసారి గట్టిగా అనిపించింది.

ఆ సంబరంలో మాకంటూ ఒక్క పువ్వూ మిగల్లేదని మధ్యాహ్నానికి గాని చూసుకోలేదు. పోయి అడగడానికి అత్తకు నామోషీ, నన్ను పంపింది. పక్కింటి వదిన తను పేరుస్తున్న బతుకమ్మ మీది వరసలు తీసి నా పళ్ళెంలో పోస్తూ, "కావాల్నంటే తంగేడే అని మల్లోసారి అంట, చెప్పు మీ అత్తకు" అంది.

సాయంత్రం ఆటలో అందరికన్నా పొట్టిది మా బతుకమ్మే. అయినా అత్త చప్పట్లు కొడుతూ తిరుగుతూనే, పక్కనున్న ప్రతి మనిషికీ చుట్టూ ఉన్న బతుకమ్మలన్నీ చూపించి, "గవన్ని మా వాకిట్లయే" అని చెప్పింది.

ఇప్పుడు అత్త లేదు, ఆయనా లేరు. పండుగ పూలు ఆటోల్లో మూటలు మూటలుగా దిగుతున్నాయి, ఎవరికీ కొరత లేదు. మోకాళ్ళ నొప్పులతో నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. బతుకమ్మలు అప్పటికన్నా ఎంతో ఎత్తుగా ఉంటున్నాయి. ఏ పువ్వు ఎవరి వాకిట్లో పూసిందో మాత్రం చెప్పేవాళ్ళు ఒక్కరూ కనబడరు.