ఒక్కసారి పంపితే చాలు

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. జల్లెడ అంటే చాలు, తల తిప్పేవాడు. కుప్పలుగా వచ్చే సందేశాల్లోంచి కావలసిన మాటల్ని ఏరే రెజెక్స్‌లు, అంటే అక్షరాల నమూనాలు, రాయడంలో అతనిది అందె వేసిన చేయి. ఆ నమూనాను ఫంక్షన్‌గా, అంటే పిలిస్తే పలికే ప్రోగ్రాం ముక్కగా, మార్చేదాకా అతనికి నిద్ర పట్టదు. పిలిచి సందేశం చేతిలో పెడితే అది అవుననో కాదనో చెప్పాలి, అంతే.

"ఫంక్షన్‌కి గతం గుర్తుండకూడదు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. మనుషుల్లా కాదు," అని టీ దగ్గర ఊదరగొట్టేవాడు. వినేవాళ్లు కప్పులు పట్టుకుని మెల్లగా జారుకునేవారు.

ఆస్పత్రికి చేసిపెట్టిందీ అలాంటిదే. ఇంటి దగ్గరున్న రోగి పంపిన సందేశంలో ఊపిరి, ఆయాసం లాంటి మాటలుంటే వెంటనే నర్సు దగ్గర గంట మోగాలి. మిగతావి వరుసలో ఆగుతాయి. గుండె జబ్బున్న అక్క ఫోన్‌లో దాన్ని అతనే పెట్టి ఇచ్చాడు.

"అందకపోతే ఏం చెయ్యాల్రా?" అంది అక్క.

"ఎందుకందదు? నేను చేసింది. ఒక్కసారి పంపితే చాలక్కా."

తమ్ముడంటే ఆవిడకు అంత గురి. పైగా చెప్పిందే మళ్లీ చెప్పడం ఆవిడ స్వభావంలో లేదు. భోజనానికైనా ఒక్కసారే పిలిచేది. రాకపోతే కంచం తీసేసేది.

ఒక మధ్యాహ్నం అక్క 'ఊపిరి ఆడటం లేదు' అని పంపింది. గంట మోగలేదు. బావ పని నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

అక్కను సాగనంపిన మర్నాడు జల్లెడ ఇంట్లో ఉండలేక ఆఫీసుకు వెళ్లాడు. ఆనాటి సందేశాల్ని వచ్చిన వరుసలోనే ఫంక్షన్‌కు ఇచ్చాడు. అక్కకు ముందు ఒక పెద్దాయన తన బాధలన్నీ చాంతాడంత రాసి, చివర్లో ఆయాసమన్నాడు. దానికి ఫంక్షన్ అవునంది. అక్క సందేశానికి కాదంది. అదే మళ్లీ ఇచ్చాడు. అవునంది.

అప్పుడు కనపడింది. ఒక సందేశంలోని అలాంటి మాటలన్నీ వెతకమనే చిన్న గుర్తును అలవాటు కొద్దీ నమూనా చివర తగిలించాడు. అది ఉంటే నమూనా తాను ఆగిన చోటును గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి సందేశాన్ని అక్కడి నుంచే చదువుతుంది. అక్క రాసింది మూడు ముక్కలే. వాటిని దాటిపోయి ఖాళీలో వెతికి, లేదని చెప్పి, మళ్లీ మొదటికొచ్చింది. మిగతా రోగులు కంగారులో రెండు మూడుసార్లు పంపేవాళ్లు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. గతం ఉండకూడదని టాంటాం వేసిన ఘనుడే దానికి గతాన్ని అంటగట్టాడు. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో బావ ఫోన్ చేశాడు. "మీ అక్క అసలు పంపిందంటావా?"

"పంపింది బావా. తప్పు నాది. నేను రాసినదాంట్లోనే ఉంది." తెర మీది అక్క సందేశాన్నే చూస్తూ అన్నాడు. "ఇంకొక్కసారి పంపి ఉంటే అందేది."

"ఎందుకు పంపుతుందిరా?" అన్నాడు బావ, కోపం లేకుండానే. "ఒక్కసారి చాలని నువ్వే చెప్పావుగా."